మనోళ్లకు చల్లనా

మా శంషాబాద్ చుట్టుపక్కల మైకు పట్టేవాడికి మాట్లాడడం రాకపోయినా ఫరవాలేదు, ఆగడం రావాలి. పెళ్లిలో మంత్రాలైనా, ఎలక్షన్ ప్రసంగమైనా, సంతాప సభలో కన్నీళ్లయినా నెత్తి మీద విమానం పోతుంటే నోరు మూసుకోవలసిందే. బయటి నుంచి వచ్చిన వక్తలకు ఈ సంగతి తెలియదు. గొంతు చించుకుంటారు. విమానం వాళ్ల వాక్యాన్ని ఎత్తుకుని పోతుంది. నేను ఆ ఆగడాన్నే ఆసరా చేసుకున్నాను. శ్లేషలో మొదటి సగం విమానానికి ముందు వదులుతాను. అది దాటేదాకా జనం నన్నూ ఆకాశాన్నీ మార్చి మార్చి చూస్తారు. చప్పుడు సన్నగిల్లగానే రెండో సగం. ఇక నవ్వే నవ్వు. ఆ నవ్వు కోసం మళ్లీ ఆగుతాను. అందరికీ అది విమానం, నాకు విరామం.

నా పేరు రాజశేఖర్. ఊరు తొండుపల్లి. వృత్తి వ్యాఖ్యాత. పెళ్లిళ్లు, పదవీ విరమణలు, దుకాణాల ప్రారంభాలు, పార్టీ సభలు, అన్నిటికీ నేనే. ‘వ్యాఖ్యాతకీ విఖ్యాతికీ మధ్య ఒక్క గుణింతమే అడ్డం’ అని ప్రతి సభలోనూ అంటాను, ప్రతి సభలోనూ నవ్వుతారు. యాభై దాటాక జుట్టు తగ్గింది కానీ గొంతు తగ్గలేదు. నేను మా ఇంట్లో ఉప్పు అడిగితే పక్కింటివాళ్లు తెచ్చిస్తారు.

ఇంత హుషారుగా మొదలుపెట్టడం అలవాటు వల్ల. చెప్పవలసింది పోయిన చలికాలం సంగతి. అది హుషారైనది కాదు.

అది వార్డు ఎలక్షన్ల చలికాలం. మా వార్డుకు నిలబడ్డ జగన్మోహనరావు గారు ఎయిర్‌పోర్టు కట్టే రోజుల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడే ఇళ్ల స్థలాల వ్యాపారంలో స్థిరపడ్డవారు. ప్రతిపక్షం మనిషి. ఆయన సభలకు నేను వ్యాఖ్యాతని. మొదట్లో మురికికాలువలూ మంచినీళ్లూ అంటూ నడిచిన ప్రచారం ఉన్నట్టుండి చలానాల మీదికి మళ్లింది. అధికార పార్టీ నాయకుడొకాయన క్యాబులు ఎయిర్‌పోర్టు రోడ్డులో అడ్డదిడ్డంగా తిరిగాయనీ, కెమెరాలు కొట్టిన చలానాలన్నీ చెప్పాపెట్టకుండా రద్దయ్యాయనీ గుప్పుమంది. కెమెరా పొరబడినా, బండివాడి కారణం సబబుగా తోచినా, చలానా రద్దు చేయించే వీలు పోలీసు అధికారికి ఉంటుందట. దానికి వాళ్ల భాషలో పేరు ‘విచక్షణ’.

ఆ మాట పేపర్లో చూసిన రోజు నాకు ఆకలి వేయలేదు. శ్లేష దొరికితే నాకు అంతే.

“విచక్షణల ‘చ’ తీసి ‘వ’ పెట్టు. ఏమైతది?” అన్నాను అన్నం ముందు కూర్చుని.

“అన్నం సల్లగైతది,” అంది నిర్మల, నా భార్య.

ఎదురుగా కూర్చున్న వీరేందర్ నవ్వాడు. వీరేందర్ నిర్మల తమ్ముడు, నాకు బామ్మర్ది. చిన్నప్పుడే తల్లి పోతే మా ఇంటికి వచ్చాడు. నిర్మల చేతి అన్నం తిని పెరిగి, చదివి, ట్రాఫిక్ ఎస్సై అయ్యాడు. ఉండేది మా మేడ మీది గదిలోనే. నిలబడేది ఎయిర్‌పోర్టు రోడ్డు జంక్షన్లో.

“వివక్షణ అయితది. ‘ణ’ రాలగొడితే వివక్ష. ఎట్లుంది?” అన్నాను.

“మంచిగనే ఉంది బావా,” అన్నాడు వాడు కలిపిన ముద్ద అలాగే పట్టుకుని. “రేపటి మీటింగుల ఇదే మాట్లాడతవా?”

“మాట్లాడత. నీ గురించి కాదురా. మీ డిపార్ట్‌మెంటు గురించి.”

“డిపార్ట్‌మెంటంటే రోడ్డు మీద నిలవడేది నేనే గద. ఆఫీసుల కూసున్నోళ్ల మొఖం మందికేమెర్క?”

“నీ పేరు ఎందుకు తీస్త? నాకు తెల్వదా?”

“నువ్వు తియ్యవ్ బావా. నీ నోరు తీస్తదేమో అని.”

నిర్మల పప్పుగిన్నె నా ముందు కాస్త గట్టిగానే పెట్టింది. నేను దాని మీద కూడా ఏదో అన్నాను. పప్పు, తప్పు అని. ఎవరూ నవ్వలేదు.

మర్నాడు సాయంత్రం శంషాబాద్ బస్టాండ్ దగ్గర సభ. నిజంగా వీరేందర్ పేరు తీయలేదు. అంత జాగ్రత్తా పడ్డాను. విచక్షణ, వివక్ష శ్లేష వేస్తే ముందు వరసలో చదువుకున్నవాళ్లు నలుగురు నవ్వారు. వెనకవాళ్లు పల్లీలు ఒలుచుకుంటున్నారు. నాకు రోషం వచ్చింది. వెనక వరస నవ్వకపోతే నాకు సభ అయినట్టు కాదు. అప్పుడే దూరంగా విమానం మోత వినిపించింది.

“కెమెరాకు కండ్లున్నయ్ గాని సుట్టాలు లేరనుకున్నం. ఉన్నరంట. మనోళ్లయితే ‘చల్లనా’...” అన్నాను.

విమానం వచ్చింది. వెనకవాళ్ల చేతులు పల్లీల మీద ఆగిపోయాయి. అది నిమ్మళంగా మా నెత్తి మీద నుంచి పోయింది.

“మందికైతే ‘చలానా’.”

ఆ నవ్వు ఇంకా నా చెవుల్లో ఉంది. బస్టాండులో బస్సెక్కబోతున్న వాళ్లు కూడా ఆగి నవ్వారు. జగన్మోహనరావు గారు కుర్చీలోంచి లేచొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నారు. “ఏం మాటండీ రాజశేఖర్ గారూ. మేము నెల రోజుల నుంచి చెబుతున్నది మీరు రెండు ముక్కల్లో తేల్చేశారు,” అన్నారు.

ఆ రెండు ముక్కలూ వారం తిరక్కుండా ఊరంతా పాకాయి. ఆటోల వెనక రాయించుకున్నారు. వాట్సాప్‌లో నా గొంతు నాకే తిరిగొచ్చింది. కందుకూరులో ఎవరో పెళ్లిభోజనాల్లో పెరుగు వడ్డిస్తూ “మనోళ్లకు చల్లనా” అంటే పంక్తి పంక్తంతా నవ్విందని తెలిసి పొంగిపోయాను. మా జంక్షన్లో మాత్రం ఎర్రలైటు దగ్గర ఆపిన ప్రతి బైకువాడూ వీరేందర్ మొఖం మీదే అడుగుతున్నాడట, “సార్, చల్లనా, చలానా?” అని.

“నీ మాట మస్తు నడుస్తుంది బావా,” అన్నాడు వాడొక రోజు బూట్లు విప్పుకుంటూ. “రోడ్డు మీద ట్రాఫిక్కే నడుస్తలేదు.”

నిజం చెప్పాలంటే ఆ మాట బాగుందనుకున్నాను. ఎక్కడైనా వాడుకోవచ్చు అనుకున్నాను. నా బుద్ధి అటే పోయింది.

తరవాత ఫోటో వచ్చింది.

పొద్దున టీతో పాటు నిర్మల తన ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. రోడ్డు కెమెరా తీసిన ఫోటో. సర్వీసు రోడ్డులో ఎదురుదారిన పోతున్న స్కూటర్, వెనక నుంచి. నడిపేవాడికి హెల్మెట్ లేదు. వెనక కూర్చున్నది ముసలావిడ. నెత్తి మీద మంకీక్యాప్, ఒంటి మీద మగవాళ్ల స్వెటర్. పైన ఎర్రటి అక్షరాలు. ‘ఎస్సై అక్క బండి. మనోళ్లకు చల్లనా.’

ఆ స్వెటర్ నాది. మంకీక్యాప్ కూడా నాదే. స్కూటర్ నిర్మల పేరు మీద ఉంది. వెనక కూర్చున్నది మా అమ్మ అనంతమ్మ.

కార్తీకమాసం చివర్లో ఒక తెల్లవారుజామున అమ్మకు ఆయాసం ఎక్కువైంది. మంచం పట్టె పట్టుకుని కూర్చుంది, మాట లేదు, పెదవులు నల్లబడుతున్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు. పొగమంచు. నేను ఆగలేకపోయాను. చేతికందింది తొడిగి స్కూటర్ మీద కూర్చోబెట్టుకున్నాను. శంషాబాద్ దవాఖాన రోడ్డుకు అవతల కనబడుతూనే ఉంటుంది, యూటర్న్ మాత్రం ఎయిర్‌పోర్టు మలుపు దాకా పోతే గానీ రాదు. ఎదురుదారిన పోయాను. అమ్మ తల నా వీపు మీద వాలి ఉంది. ఆ బరువు తగ్గుతుందేమోనని భయపడుతూ పోయాను.

“దీనికి చలానా వచ్చిందా? నాకు తెల్వదే,” అన్నాను.

“నా ఫోన్‌కు వచ్చింది. వీరూకు చూపిస్తే దవాఖాన చిట్టీ అడిగిండు. ముసలావిడకు ఊపిరి అందక తీసుకపోయిన్రని రాసి పంపిండు. కొట్టేసిన్రు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే స్టేజి మీద చెప్తవని.”

టీ చల్లారిపోయింది. ఆ మాట మీద శ్లేష ఉందని నాకు తెలుసు. పైకి అనలేదు.

వీరేందర్ ఆ రోజు డ్యూటీకి పోలేదు. వెళ్లొద్దని చెప్పారట. మేడ మెట్ల మీద కూర్చుని చెప్పాడు. క్యాబుల చలానాలు పోయింది వాడి చేతి మీదుగా కాదు, ఎక్కడో పైన, ‘సాంకేతిక లోపం’ అన్న ఒకే మాట కింద. దానికి ఎవరి పేరూ లేదు, ఏ కారణమూ లేదు. పేరూ కారణమూ రాసి, సంతకం పెట్టి పంపింది వాడొక్కడే. అందుకని దొరికిందీ వాడొక్కడే.

“తప్పైతే తప్పే బావా,” అన్నాడు. “అక్క బండి కదా, ఇంకొక ఆఫీసర్‌తోని రాయించాల్సింది. గదే నా తప్పు. గంతే.”

“మరి గదే చెప్పరాదురా పేపరోళ్లకు.”

“మేం మాట్లాడొద్దు. నౌకరి రూలు.” నా వైపు తిరిగాడు. “మైకు నీ దగ్గరున్నది.”

అమ్మ గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. అన్నీ విన్నది. “నా మూలంగ పోరని నౌకరి మీదికొచ్చిందా?” అంది. “నేను సచ్చిపోతుంటినని చెప్పు కొడుకా. గందుకే పోనిచ్చిండని చెప్పు. ఊరంత నీ మాట ఇంటది గద.”

మధ్యాహ్నం జగన్మోహనరావు గారు ఫోన్ చేశారు. గొంతులో ఎంతో మర్యాద. “రాజశేఖర్ గారూ, మీరేం ఇబ్బంది పడకండి. ఫోటోలో మొహాలు కనబడవు. మీ పేరు బయటికి రాకుండా నేను చూసుకుంటాను. మనవాళ్లే కదా మీరు. రేపు తొండుపల్లి సభలో ఆ టోపీ మీద మీరు ఒక్క చమత్కారం వేస్తే చాలు. మీ శైలిలో.”

“చూస్తానండి,” అన్నాను.

మనవాళ్లే కదా. ఆ మాట చెవిలో పడ్డాక కూడా ఫోన్ పెట్టేయలేదు. “శుభం సార్,” అని మరీ పెట్టాను.

తొండుపల్లి సభ మా ఇంటికి రెండు సందుల అవతలే. స్పీకర్ డబ్బా ఒకటి మా వీధి వైపే కట్టారు. ప్రచారానికి అదే చివరి రోజు. అంతకు ముందెన్నడూ నేను సభకు సాధన చేసి పోలేదు. ఆ రోజు చేశాను. అద్దం ముందు కాదు, స్నానాల గదిలో, గొంతు తగ్గించి. నిర్మల తలుపు అవతల నిలబడి విన్నదని బయటికొచ్చాక తెలిసింది. ఇస్త్రీ చేసిన చొక్కా అందించి, “గట్లనే చెప్పు. ఏం కలపకు,” అంది.

నన్ను చూడగానే జనం నవ్వడం మొదలుపెట్టారు. మైకు సరిచేసుకుంటే నవ్వారు. గొంతు సవరించుకుంటే నవ్వారు.

“ఫోటో చూసిన్రు గద అందరు,” అన్నాను. “ఆ మంకీక్యాప్ల ఉన్నది మా అమ్మ.”

పెద్ద నవ్వు.

“నవ్వకుండ్రి. నిజం చెప్తున్న. ఆ బండి నడిపింది నేను. తప్పు దారిల పోయింది నేను.”

ఇంకా పెద్ద నవ్వు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. వేదిక మీద జగన్మోహనరావు గారు నా వైపు ఒకసారి ఉలిక్కిపడి చూసి, జనాన్ని చూసి, కుర్చీలో వెనక్కి వాలారు.

అమ్మ మొహం గుర్తు చేసుకున్నాను. గొంతు పెంచాను.

“ఆ పొద్దు మా అమ్మకు ఊపిరి ఆడలే...” అన్నాను.

అని, ఆగాను.

ఎందుకు ఆగానో అప్పుడు నాకే తెలియలేదు. విమానం వచ్చిందేమోనని పైకి చూశాను. నేను చూస్తే జనమంతా చూశారు. ఆకాశం ఖాళీగా ఉంది. ఒక్క చప్పుడు లేదు. జనం మళ్లీ నా వైపు తిరిగి రెండో సగం కోసం నోళ్లు తెరిచి ఎదురు చూస్తున్నారు. నా దగ్గర రెండో సగం లేదు. ఉన్నదంతా ఆ ఒక్క సగమే.

“ఊపిరాడలే గాని బామ్మర్ది పెన్ను ఆడింది,” అని వెనక పల్లీలు ఒలుచుకునే గుంపులోంచి ఎవడో అందించాడు.

ఇక ఆ నవ్వును ఆపేవాడు లేడు. కుర్చీలు కదిలాయి. జగన్మోహనరావు గారు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను మైకు పట్టుకుని నిలబడి ఉన్నాను. అంతమంది ఒక్కసారిగా నవ్వుతుంటే నా మొహం ఏం చేయాలో దానికి బాగా అలవాటు. అది నవ్వింది.

తరవాత ఏదో మాట్లాడాను. గుర్తుపై ఓటు వేయమన్నాను. దిగాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. స్పీకర్ డబ్బా నుంచి ఇంకా పాటలు వస్తున్నాయి.

“మస్తు నవ్విండ్రు జనం. ఈడిదాంక వినొచ్చింది,” అంది.

“అవునే.”

“చెప్పినవా మరి?”

“చెప్పిన.”

“గట్లనా,” అంది. మంకీక్యాప్ ఒళ్లో పెట్టుకుని, లోపలి దారపు పోగు ఒకటి ఊడిందేమో, దాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. నిర్మల వంటింట్లోంచి బయటికి రాలేదు. నేనే కంచం పెట్టుకున్నాను. ఉప్పు తక్కువైంది. అడగలేదు.

జగన్మోహనరావు గారు గెలిచారు. ఊరేగింపులో నా గొంతే మోగించారు, రికార్డు చేసిన ‘మనోళ్లకు చల్లనా’. శాలువా కప్పుతామని కబురు పంపితే జ్వరం వచ్చిందని చెప్పాను. వాళ్లు దానికీ నవ్వి ఉంటారు. గెలిచాక చలానాల మాట ఆయన నోట మళ్లీ రాలేదు. ఆ అధికార పార్టీ నాయకుడి క్యాబులు అదే రోడ్డులో తిరుగుతున్నాయి.

వీరేందర్‌ను ముందు ఆఫీసులో కూర్చోబెట్టారు. తరవాత దూరంగా వేశారు, శ్రీశైలం రోడ్డు వైపు. విచారణ నడుస్తోంది. రోజూ తిరగడం కష్టమని అక్కడే గది కిరాయికి తీసుకున్నాడు. నిజంగా కష్టమే. కానీ ఇంతకు ముందు దీనికన్నా దూరం పని చేసినప్పుడు కూడా వాడు రోజూ ఇంటికి వచ్చి తినేవాడు.

సామాను పెద్దగా లేదు. పరుపు, రెండు పెట్టెలు, యూనిఫాం. నేను పరుపు ఒక కొస పట్టుకుని మెట్లు దిగాను. నా జీవితంలో అంతసేపు మాట్లాడకుండా ఏ పనీ చేయలేదు.

“ఏంది బావా, మైకు బంద్ వెట్టినవ్?” అన్నాడు వాడే.

“వీరూ, నేను ఆ దినం చెప్పిన్రా. మొత్తం చెప్పిన.”

“నాకెర్కనే. మా కానిస్టేబుల్ వీడియో చూపించిండు.” పరుపును ఆటోలోకి తోశాడు. “నువ్వు చెప్పినవ్. వాళ్లే నవ్విన్రు. నీదేముంది?”

వాడు మంచివాడు. ఆ వీడియో చివర్లో నా మొహం కూడా ఉంది. దాన్ని గురించి అనలేదు.

నిర్మల టిఫిన్ డబ్బా ఇచ్చి, ఆటో సందు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడింది. లోపలికి వస్తూ నా పక్క నుంచే వచ్చింది. ఇప్పుడు ఇంట్లో అవసరమైన మాటలన్నీ మాట్లాడుతుంది. పాలవాడు వచ్చాడంటుంది, గ్యాస్ అయిపోయిందంటుంది. నా శ్లేషలకు ఎన్నో ఏళ్లుగా విసుక్కుంటూ వచ్చిన మనిషి. ఆ విసుగు కూడా ఇంత లోటవుతుందని నాకు తెలియదు.

మొన్న అమ్మను మళ్లీ దవాఖానకు చూపించడానికి తీసుకెళ్లాను. మంకీక్యాప్ వద్దంది. ఆమెకు హెల్మెట్ పెట్టి, నేనూ పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు మలుపు దాకా పోయి, యూటర్న్ తీసుకుని, సరైన దారిన వచ్చాను. అయినా జంక్షన్లో ఏదో పరధ్యానంలో గీత దాటి ఆపాను. అక్కడ, వీరేందర్ నిలబడే చోట, ఇప్పుడొక కొత్త కుర్రాడు ఉన్నాడు. చేతిలో ఫోటోలు తీసే మిషన్. చెయ్యెత్తి మా వైపు వచ్చాడు. నేను హెల్మెట్ అద్దం పైకెత్తాను.

“అరె, మీరా సార్,” అన్నాడు. మొహమంతా నవ్వు. “పోండి పోండి. మీరు మనోళ్లే. చల్లనా.”

“లేదు తమ్మీ, గీత దాటిన. రాయి,” అన్నాను.

వాడు పక్కనున్న హోంగార్డు వైపు తిరిగి, “చూసినవా, రాయమంటుండు,” అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

“నిజంగనే అంటున్న. రాయి.”

ఇంకా నవ్వారు. ఆకుపచ్చ లైటు పడింది. వెనక హారన్లు మొదలయ్యాయి. అమ్మ నా వీపు మీద తట్టింది.

“పోనియ్యి కొడుకా. ఎన్క బండ్లాగినయ్.”

నేనన్న ‘రాయి’కి రెండర్థాలున్నాయని ఆ కుర్రాడికి తెలిసినట్టు లేదు. వాడి చేతిలో ఉన్నది మిషనే. రెండో అర్థం నేను విప్పి చెప్పలేదు. బండి ముందుకు పోనిచ్చాను.